ఆమె ఇవ్వని తలనీలాలు

మా ముందుగదిలో గోడకు ఒక ఫోటో ఉంది. అందులో నా భార్య కొత్తగా గొరిగించిన తలకు చందనం పూసుకుని నవ్వుతూ ఉంటుంది. పక్కన నేను చేతులు కట్టుకుని నిలబడి ఉంటాను. మల్దకల్ తిమ్మప్ప గుడి బయట తీసిన ఫోటో అది. చుట్టాలు ఎవరు వచ్చినా దాన్ని చూసి ఒకే మాట అంటారు. క్యాన్సర్ తిరగబెట్టినా ధైర్యం చెడకుండా తనంతట తానే వెళ్ళి స్వామికి జుట్టు ఇచ్చిందట, ఆ పుణ్యమే ఆమెను ఇన్నేళ్ళు నిలబెట్టిందట. పక్కనే నిలబడే అట్లాంటి భర్త దొరకడం కూడా అదృష్టమేనని చివర్లో నన్నూ కలుపుతారు. నేను ఏనాడూ కాదనలేదు. కొన్నిసార్లు ఆ కథను నేనే మొదలుపెట్టాను.

ఆ కథ అబద్ధం. ఆమె ఇవ్వలేదు, నేను ఇప్పించాను. ఎట్లా ఇప్పించానో కూడా చెప్పాలి. అసలు పాపం అక్కడ ఉంది.

మాది గద్వాలకూ మల్దకల్‌కూ మధ్యలో ఒక ఊరు. సొంత చేనుకు కౌలు చేను కలుపుకుని సీడ్ పత్తి వేస్తాం. అంటే విత్తనం కోసం పెంచే పత్తి. మరునాడు విచ్చబోయే ఆడ మొగ్గలను మధ్యాహ్నం నుంచే ఒలిచి గుర్తు పెట్టుకోవాలి. తెల్లవారి మగ పువ్వులు తెంపుకొచ్చి ఒక్కొక్క దానికి పుప్పొడి అంటించాలి. దాన్ని మేము క్రాసింగ్ అంటాం. గోరు కొంచెం లోతుగా దిగితే ఆ కాయ నిలవదు. నా భార్య ఆ పనిని ‘పత్తికి పెళ్ళిళ్ళు చేయడం’ అనేది.

క్రాసింగ్ జోరుగా నడుస్తున్న రోజుల్లోనే రొమ్ములో గడ్డ తగులుతోందని నాతో చెప్పింది. నేను చేయి కూడా పెట్టి చూడలేదు. “క్రాసింగ్ ఐపోనియ్యి, పోదాం” అన్నాను. పంట పని అయిపోయాక హైదరాబాదుకు తీసుకెళ్తే డాక్టరు కోపంగా అడిగాడు, “ఇన్ని నెలలు ఏం చేసిన్రమ్మా?” అని. నేను తల వంచుకున్నాను. ఆమె మాత్రం, “పత్తికి పెండ్లిళ్ళు చేసినం సార్, ముహూర్తాలు దాటిపోతయని” అంది. డాక్టరు నవ్వాడు. నన్ను కాపాడడానికే ఆ మాట అందని అప్పుడు నాకు తెలియలేదు. రోగం పెట్టుకుని పరాచికాలేమిటని ఒళ్ళు మండింది.

ఆపరేషన్ చేశారు. తర్వాత కీమో. మొదటి కీమోకే జుట్టంతా ఊడి దిండు మీద పడింది. రెండో దానికి జ్వరం వచ్చి, రక్తంలో కణాలు పడిపోయి, గాజు తలుపు వెనక పడుకోబెట్టారు. నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ వరండాలో నిలబడి మొక్కుకున్నాను. తిమ్మప్పా, ఈమెను బతికించు, ఈమె తలనీలాలు నీకు ఇప్పిస్తాను అని. మా దిక్కు కష్టం వస్తే తిమ్మప్పకు జుట్టు మొక్కడం కొత్త కాదు. ఎవరి తల వాళ్ళు మొక్కుకుంటారు, పసిపిల్లలకైతే తల్లిదండ్రులు మొక్కుతారు. నేను నా భార్య తల మొక్కాను. అప్పుడు ఆ తల మీద ఒక్క వెంట్రుక లేదు. నా తల నిండా జుట్టు ఉంది. అది నాకు గుర్తుకే రాలేదు.

ఇంటికి వచ్చాక చెబితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. “లేని జుట్టు మొక్కినవా? పాపం తిమ్మప్ప, ఎదురుసూసుకుంట కూసుంటడు.”

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది, “ముత్తైదువకు గుండేందిరా? జుట్టొచ్చినంక మూడు కత్తెర్లిస్తే ఐపాయె.”

మూడు కత్తెర్లంటే కొసల దగ్గర మూడుసార్లు కత్తెరతో కత్తిరించి దేవుడి పేరున వదలడం. పసుపు కుంకుమలతో ఉన్న ఆడవాళ్ళు చాలామంది అట్లాగే మొక్కు తీర్చుకుంటారు. అందరూ సరేననుకున్నారు. నేనూ సరేనన్నాను.

కీమో అయిపోయాక రోజూ వేసుకోవలసిన గోళీలు ఇచ్చారు. జుట్టు రావడం మొదలైంది. మొదట బాతుపిల్ల మీద నూగులాగా వచ్చింది. తర్వాత ఎన్నడూ లేనట్టు ఉంగరాలు తిరిగింది. ఆమెది పుట్టినప్పటి నుంచీ సాపు జుట్టు. అద్దం ముందు నిలబడి ఒక్కో ఉంగరాన్నీ లాగి వదిలేది. “ఇదెవ్వరిదో జుట్టు. పొరపాటున నాకు పంపిండ్రు. అడగడానికి వస్తరేమో, ఎవ్వరికి చెప్పకుండ్రి” అనేది. భుజాలకు తగిలేదాకా రోజూ కొలిచినట్టే చూసుకుంది.

ఆసుపత్రిలో లింగాల నుంచి వచ్చే ఒకామె ఆమెకు స్నేహితురాలైంది. ఇద్దరిదీ ఒకే రోగం. చెకప్‌కు ఒకే రోజు పడేటట్టు చూసుకునేవాళ్ళు. ఫోన్‌లో గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు. రోగం గురించి కాదు, లింగాలామె కోడలి వంట గురించి, మా బర్రె తన్నుళ్ళ గురించి. మధ్య మధ్యలో పకపకలు.

నేను భరించలేకపోయాను. ఈ మాట రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆమె ఏడ్చి ఉంటే ఓదార్చేవాణ్ణి. మంచాన పడి ఉంటే నీళ్ళు పట్టించేవాణ్ణి. ఊరంతా నన్ను చూసి జాలిపడుతుంటే, జాలిపడవలసిన మనిషి తలలో క్లిప్పు పెట్టుకుని నవ్వుతూ తిరిగేది. “రోగం ఉన్న మనిషి రోగం ఉన్నట్టు ఉండాలె జర” అని ఒకసారి ఆమె తమ్ముడి ముందే అన్నాను. అతను వనపర్తిలో ఉంటాడు, అక్కను చూడ్డానికి వచ్చాడు. ఆమె వెంటనే “ఎట్లుంటదో నువ్వు ఉండి చూపియ్యి, నేర్చుకుంట” అంది. బామ్మర్ది నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు క్రాసింగ్‌కు ఆమె మళ్ళీ చేనుకు వచ్చింది. ఒద్దన్నా వినలేదు. ఒక పొద్దున బుట్టలోని మగ పువ్వు ఒకటి తీసి చెవి పక్కన ఉంగరాల్లో దోపుకుంది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు “అబ్బో పెండ్లికూతురు” అని ఈలలు వేశారు. నేను గట్టు మీద నుంచి వచ్చి ఆ పువ్వు పీకాను. “దీంతోని నాలుగైదు ఆడ పువ్వులు క్రాస్ ఐతయి. దోపుకోను తెచ్చిన్నా?” అని అందరి ముందూ అరిచాను. పువ్వుతోపాటు నాలుగు వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆమె వాటిని నా వేళ్ళ మధ్య నుంచి మెల్లగా తీసుకుంది. తిరిగి మొగ్గల్లోకి వంగింది.

కొన్నాళ్ళకు నడుము నొప్పి మొదలైంది. మళ్ళీ స్కాన్ తీశారు. రోగం ఎముకకు పాకిందన్నారు. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. పూర్తిగా పోదట. కానీ గోళీలు మార్చి, నెలకోసారి సూదులు వేస్తూ పోతే ఏళ్ళ తరబడి అదుపులో ఉంచవచ్చట. బీపీకి, షుగరుకు మందులు వాడుకుంటూ బతకడం లేదా, అట్లా అనుకోమన్నాడు.

ఆమె ఒక్కటే అడిగింది. “వీటికి జుట్టు ఊడుతదా సార్?”

“పలుచబడొచ్చమ్మా. కీమో లెక్క ఊడదు.”

“ఐతే ఏం పర్వాలేదు” అని లేచింది. నిజంగానే ఆమెకు ఏమీ పర్వాలేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. తిరుగు ప్రయాణంలో మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు ఆగితే దిగి ఒక ఎర్ర క్లిప్పు కొనుక్కొచ్చింది. నేను విన్నది ఎముక. ఆమె విన్నది జుట్టు. పక్క సీట్లో కూర్చుని ఆ క్లిప్పును తెరుస్తూ మూస్తూ కూనిరాగం తీస్తుంటే నాకు లోపల ఏదో తెగింది.

“మొక్కు తీర్చలే. అందుకే తిరగబెట్టింది” అన్నాను.

క్లిప్పు చప్పుడు ఆగింది. గద్వాల వచ్చేదాకా ఆమె కిటికీలో నుంచి బయటికే చూసింది.

నేను ఆ మాటను నమ్మానా? నమ్మానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. భయంతో చేశాడులే, భక్తితో చేశాడులే అని ఎవరైనా అంటారు. భయం ఉంది, కాదనను. కానీ ఆ బస్సులో ఆ మాట నోట్లో నుంచి వచ్చినప్పుడు ఆమె ముఖం మారడం చూసి నాకు ఊరట కలిగింది. ఇప్పుడు రోగం ఉన్న మనిషిలాగా ఉంది అనిపించింది. అందుకే మరునాడు మళ్ళీ అన్నాను. ఆ తర్వాత రోజూ అన్నాను.

ఆమె మూడు కత్తెర్లిస్తానంది. అదీ మా ఇంట్లో ముందే అనుకున్న మాట. నేను గుండే మొక్కానని పట్టుబట్టాను. “నాకు ఉన్నదే గింత” అని రెండు చేతుల్లో జుట్టు పట్టుకుని చూపించింది. “ఒక్క ఏడన్న ఉండనియ్యి. వచ్చే జాతరకు నేనే వస్త.” నేను వినలేదు. మా అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. అయినా నేను వినలేదు.

నెల తిరిగి సూది తేదీ దగ్గరపడింది. హైదరాబాదుకు ఆమె ఒక్కతే పోయే స్థితిలో లేదు. నడుము నొప్పితో బస్సు ఎక్కాలన్నా ఒకరు చేయి పట్టుకోవాలి. అక్కడ ఏ గదికి పోవాలో, ఏ చీటీ ఎవరికి చూపించాలో అన్నీ నాకే తెలుసు. అన్నీ నా చేతుల్లోనే పెట్టుకున్నాను. ప్రయాణం ముందు రోజు ఆమె బ్యాగు సర్దుతుంటే అన్నాను.

“మల్దకల్ పోయినంకనే హైదరాబాద్.”

ఆమె సర్దడం ఆపలేదు. నేను అన్నది అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాను, మొక్కు తీరేదాకా సూది లేదని.

“సూది ఆపుతవా?” అని అడిగింది. అరవలేదు. మార్కెట్లో ధర అడిగినట్టు మామూలుగా అడిగింది.

“నేను ఆపుతలేను. నువ్వే ఆపుకుంటున్నవు.”

సూది రోజు వచ్చింది, పోయింది. నేను పొద్దున్నే చేనుకు వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి సర్దిన బ్యాగు అట్లాగే తలుపు దగ్గర ఉంది, ఆమె దాని పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆ వారమంతా ఆ బ్యాగు అక్కడే ఉంది. నేను దాన్ని దాటుకుంటూ తిరిగాను. చివరికి ఒక సాయంత్రం అన్నం పెడుతూ, “శనివారం పోదాం మల్దకల్” అంది.

నేను గెలిచాననుకున్నాను. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను.

గుడి దగ్గర మంగలి తలలు గొరుగుతూ కూర్చున్నాడు. మా వంతు వచ్చింది. ఆమె ముందు కూర్చోగానే అతను కత్తెర తీశాడు.

“మూడు కత్తెర్లేనా అక్కా?”

“ఆ, మూడే” అంది ఆమె వెంటనే. నా వైపు చూడలేదు. చివరి ఆశ ఏదో పెట్టుకుందని ఇప్పుడు అర్థమవుతోంది. నలుగురిలో నేను కాదనలేనని అనుకుని ఉంటుంది.

“గుండు” అన్నాను నేను.

మంగలి కత్తెర పట్టుకుని ఆగిపోయాడు. “ముత్తైదువ గదన్నా. కత్తెర్లిచ్చినా స్వామి తీసుకుంటడు. అందరు గట్లనే ఇస్తరు.”

“నేను మొక్కింది గుండు.”

“నువ్వు మొక్కితే నీ తల పెట్టరాదురా!” వెనక నుంచి మా అమ్మ అంది. ఆ మాట అనడానికే ఆమె మాతో వచ్చినట్టుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వంతు కోసం నిలబడ్డ ఒక ముసలాయన, “పెట్టు పటేలా, గట్టి జుట్టే ఉన్నది నీది” అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు.

ఆ క్షణంలో నేను సరేనని కూర్చుని ఉంటే అయిపోయేది. మొక్కు తీరేది, ఆమె జుట్టు ఆమెకు మిగిలేది, నవ్వినవాళ్ళే భుజం తట్టేవాళ్ళు. ఆ నవ్వుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె భుజం మీద చేయి వేసి కిందికి నొక్కాను. “గొరుగు” అన్నాను మంగలితో.

అతను నీళ్ళు పోసి తల తడిపాడు. “చల్లగున్నయి” అంది ఆమె చిన్నగా, చిన్నపిల్లలాగా. ఉంగరాలు తడిసి సాపుగా అయ్యాయి. నుదుటి దగ్గర నుంచి కత్తి మొదలుపెట్టాడు. ఒడిలో పడిన మొదటి పాయను ఆమె పట్టుకోబోయింది. దేవుడిదని మంగలి మెల్లగా తీసుకున్నాడు. సగం అయ్యాక ఒకసారి కళ్ళెత్తి నన్ను చూసింది. కోపం ఉంటే బాగుండేది. కొత్తవాడిని చూసినట్టు చూసింది.

బయటికి వచ్చాక చందనం పూయించి ఫోటో తీయించాను. “నవ్వు. మనోళ్ళంత చూస్తరు” అన్నాను. సూది ఇంకా వేయించలేదు. ఆమె నవ్వింది. గోడ మీద ఉన్నది ఆ నవ్వు. ఆ రోజే ఫోన్‌లో అందరికీ పంపాను, స్వామికి మొక్కు తీర్చుకుందని. ఒక్కొక్కరే చేతులు జోడించిన బొమ్మలు పంపారు. సోమవారం హైదరాబాదు తీసుకెళ్ళాను. వారం ఆలస్యానికి కారణమేమిటని నర్సు అడిగితే, ఆమె “ఇంట్ల పనుండె” అంది.

ఆ మందులు బాగానే పనిచేశాయి. జుట్టు మళ్ళీ మొలిచింది. మెడ దాకా వచ్చేసరికి రోగం కాలేయంలోకి పోయింది. మందులు మార్చి మళ్ళీ కీమో పెట్టారు. జుట్టు వారంలో పోయింది. ఈసారి డాక్టరు కీమో ఇన్ని అని చెప్పలేదు. పనిచేసినన్నాళ్ళు నడిపిద్దామన్నాడు. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అంటే ఇక జుట్టు రాదు. ఆ రెండు కీమోల మధ్య ఉన్న కాలమే ఆమెకు జుట్టుండే కాలం. భుజాలు దాటి వీపు మీదికి దిగవలసిన రోజులు అవే. వాటిని నేను మంగలి ముందు కూర్చోబెట్టాను.

ఆమె ధైర్యం పోలేదు. అదీ చెప్పాలి, లేకపోతే ఇది కూడా ఇంకో అబద్ధమవుతుంది. కీమో అయిన వారం పడుకుంటుంది, తర్వాత లేచి బెండ గింజలు పెడుతుంది. వచ్చే ఏడు ఏ చేను కౌలుకు తీసుకుంటే బాగుంటుందో మా అమ్మతో మాట్లాడుతుంది. లింగాలామెతో ఫోన్‌లో నవ్వుతుంది. కానీ నేను గదిలోకి వస్తే ఫోన్ పెట్టేస్తుంది. నాతో గోళీల సంగతి, బస్సు సంగతి మాట్లాడుతుంది. అంతకు మించి ఒక్క పరాచికం ఆడి ఎన్నేళ్ళయిందో.

ఈ మధ్య ఒక రోజు ధైర్యం చేసి అన్నాను, నేనూ మల్దకల్ పోయి గుండు చేయించుకుంటానని.

“చేయించుకో. ఊరంత మళ్ళ నిన్నే మెచ్చుకుంటది” అంది. “నీది పంట చేతికొచ్చేలోపల మొలుస్తది.”

“మరి నన్నేం చెయ్యమంటవు?”

“నేను ఇయ్యలేదని చెప్పు. అందరికి.”

మొదట వనపర్తి వెళ్ళి బామ్మర్దితో చెప్పాను. సూది ఆపిన సంగతి కూడా దాచలేదు.

“నాకు తెల్వదనుకున్నవా బావా? సూది ఆపిన దినమే అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నేనొస్త, నేను తీస్కపోత అన్న. ఒద్దన్నది. నువ్వొస్తే లొల్లి ఐతది, ఆయన పూరగ ఇడిచిపెడితే ప్రతి నెల నన్ను ఎవ్వరు తిప్పుతరు అన్నది. అందుకే నోరు మూసుకున్నం. నువ్వొస్తే చాయ్ పోసినం, బావా అన్నం.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు గూడ గంతే బావా. ఆమె బతుకు నీ చేతుల ఉన్నది గదా.” లేచి లోపలికి చూసి కేకేశాడు, “బావకు చాయ్ తెండ్రి.”

ఆ చాయ్ తాగాను. తాగకుండా ఎట్లా ఉండాలో తెలియలేదు.

తర్వాత ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు నమ్మలేదు. కొందరు దేవుడికిచ్చింది ఎట్లా ఇచ్చినా మంచిదే అన్నారు. పోయిన నెల మా మండలం నుంచే ఒకాయన భార్యను తీసుకుని వచ్చాడు. ఆమెకు ఈ రోగమే బయటపడిందట, వచ్చే వారం కీమో మొదలట. ఆమె జడ నడుము దాకా ఉంది. ఏ దేవుడికి ఏం మొక్కుకుంటే మంచిదని ఆయన అడిగాడు. ఇద్దరి ముందూ జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే ఆమె జడను వీపు మీద నుంచి ముందుకు తీసుకుని ఒడిలో పెట్టుకుంది. ఆయన ఇబ్బందిగా కదిలాడు.

“అంటే మొక్కొద్దంటవా అన్నా?”

“మొక్కు. నీ తల మొక్కు.”

లోపలి గదిలో పడుకున్న నా భార్య అన్నీ విన్నట్టుంది. గోడ పట్టుకుని లేచి వచ్చింది. టోపీ కూడా పెట్టుకోలేదు. ఆ కొత్త ఆమె పక్కన మంచం మీద కూర్చుని జడ కొస చేతిలోకి తీసుకుంది.

“ఇది ఊడుతది చెల్లె. పరేషాన్ కాకు, మళ్ళ వస్తది. నాకైతే ఉంగరాలొచ్చినయి.” తర్వాత నా వైపు చూడకుండానే అంది, “మీరిద్దరు జర బయటికి పోండ్రి. మేం మాట్లాడుకోవాలె.”

ఇద్దరం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాం. తలుపు వేసుకున్నారు. తర్వాత ఆ కొత్తామె ఏడుపు వినిపించింది. ఆ తర్వాత నా భార్య ఏదో అంది. ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు.

ఆయన తలుపు వైపు చూసి, “ఏమంటున్నదన్నా?” అని అడిగాడు.

“తెల్వదు” అన్నాను.